పెట్టె నుంచి పొరలకు: అనంతపురం లెక్కలు చెప్పే డేటాబేస్ అనువర్తన చరిత్ర

4.1 ఒక సంఖ్యను ఎక్కడ రాయాలి?

గత యూనిట్‌లో మీరు ఒక ఫారం తయారుచేశారు. దాని మీద ఒక బటన్ పెట్టారు. బటన్ వెనక కొంత కోడు రాశారు. ఆ కోడు ఒక పట్టికలో వరుసలు చేర్చింది. అంతా సరిగానే పనిచేసింది. ఇక్కడికి రాగానే చాలామంది విద్యార్థులు సంపర్క తరగతుల్లో ఒక ప్రశ్న వేస్తారు: "పనిచేస్తున్నదాన్ని మళ్ళీ మూడు ముక్కలుగా ఎందుకు విడగొట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. నిర్వచనాలతో దీనికి జవాబు చెప్పవచ్చు గాని, నిర్వచనం పరీక్ష రోజు దాకానే గుర్తుంటుంది. కాబట్టి ఈ యూనిట్‌లో జవాబును చరిత్రలో వెతుకుదాం. అందుకు మనం ఎంచుకొన్న చోటు అనంతపురం పీఠభూమి. రెండు ఋతుపవనాలూ దాదాపు మొహం చాటేసే నేల అది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువైన చోట లెక్క ఎక్కువవుతుంది. శిస్తు మాఫీ, కరువు పనులు, పంట నష్టం, కూలి రోజులు, వీటిలో దేనికైనా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసి పెట్టాల్సిందే.

ముందు ఒక సంఖ్యతో మొదలుపెడదాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో దేశంలోని 200 జిల్లాలకు అది వర్తించింది. దానికి ఆధారమైన 2005 నాటి చట్టం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కో గ్రామీణ కుటుంబానికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. మాటను గమనించండి: మనిషికి కాదు, కుటుంబానికి. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు పనికి వెళితే ఆ కుటుంబం లెక్కలో రెండు రోజులు ఖర్చయినట్లు.

ఇప్పుడు మీరే ఆ పథకానికి ఒక చిన్న డెస్క్‌టాప్ అనువర్తనం రాస్తున్నారనుకోండి. మస్టరు నమోదు చేసే ఫారంలో, బటన్ వెనక, "కుటుంబం రోజులు 100 దాటితే ఆపు" అని ఒక వాక్యం రాస్తారు. పని అయిపోయింది. కొంతకాలానికి, కరువు ప్రకటించిన ప్రాంతాల్లో మరో 50 రోజులు పని ఇవ్వవచ్చునని నియమం వస్తుంది. అనంతపురంలో ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే మినహాయింపు కాదు; కరువు మండలాల జాబితాలో ఈ జిల్లా పేరు లేని సంవత్సరాలే అరుదు. మీ 100 ఎక్కడ ఉంది? మస్టరు ఫారంలో ఒకటి. జాబ్ కార్డు అచ్చువేసే ఫారంలో ఒకటి. మిగిలిన రోజులు చూపే నివేదికలో ఇంకొకటి. మూడింటిలో రెండు మార్చి ఒకటి మరచిపోయారనుకొందాం. నివేదిక "ఇంకా 50 రోజులు ఉన్నాయి" అంటుంది, మస్టరు ఫారం "లేవు" అంటుంది. మే నెల ఎండలో పనికి వచ్చిన కూలీని వెనక్కి పంపింది కరువూ కాదు, చట్టమూ కాదు. మీరు బటన్ వెనక వదిలేసిన ఒక సంఖ్య.

కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లో ప్రచురించిన ఒక వ్యాసంలో చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ప్రోగ్రామును విడగొట్టేటప్పుడు పని జరిగే వరుసను బట్టి విడగొట్టకండి, ఏ నిర్ణయాలు రేపు మారే అవకాశం ఉందో గుర్తించి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో చోట దాచి పెట్టండి అన్నది ఆయన వాదన. తెర రేపు మారవచ్చు. నియమం మారవచ్చు. లెక్కలు దాచే పద్ధతి మారవచ్చు. ఈ మూడూ ఒకే రోజున, ఒకే కారణంతో మారవు. పొరలుగా విడగొట్టడానికి మూలకారణం ఇదే.

4.2 కరణం పెట్టె

కంప్యూటర్ రాకముందు గ్రామానికి ఒక డేటాబేస్ ఉండేది. అది కరణం ఇంట్లో ఉండేది.

1800లో నిజాం నుంచి బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. వాటినే దత్తమండలాలు అన్నారు. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, మధ్యలో జమీందారు లేకుండా రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొనే రైత్వారీ పద్ధతికి గట్టి పునాది వేశాడు. మనకు సంబంధించినంతవరకు దాని ఫలితం ఒకటుంది. జమీందారీలో ఒక పెద్ద మొత్తాన్ని ఒకే వరుసలో రాసుకొంటే సరిపోయేది. రైత్వారీలో ప్రతి రైతుకు, ప్రతి పొలానికి ఒక వరుస కావాలి. ఈ ప్రాంతపు పరిపాలనలో లెక్కల బరువు ఒక్కసారిగా పెరిగింది అప్పుడే.

ఆ లెక్కలు రాసింది గ్రామ కరణాలు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగుచేస్తున్నారు, ఏ పంట వేశారు, ఎంత శిస్తు, ఎంత బకాయి, ఇవన్నీ అడంగల్‌లోను, మిగతా గ్రామ లెక్కల్లోను ఎక్కేవి. రైతు వచ్చి అడిగితే చదివి చెప్పేది కరణం. ఫలానా పొలానికి ఫలానా నియమం వర్తిస్తుందని చెప్పేదీ కరణమే. పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసేదీ ఆయనే. మన పరిభాషలో తెర, నియమం, నిల్వ మూడూ ఒకే మనిషి. ఆయన మంచివాడైతే ఊరికి మేలు. కాకపోతే రైతుకు అప్పీలు చేసుకోవడానికి ఆధారం కూడా ఆ పెట్టెలోనే ఉండేది.

ఈ పోలికను మరీ లాగకూడదు. కరణం వ్యవస్థలో పొరలు అసలే లేవనడం చరిత్రకు అన్యాయం. భూమి తరం, దాని మీద శిస్తు రేటు సెటిల్‌మెంటు అధికారులు నిర్ణయించేవారు. అవి ఇంగ్లీషు, తెలుగు రెండింటిలోనూ ఉండే సెటిల్‌మెంటు రిజిస్టరులో నమోదయ్యేవి. రెవెన్యూ కార్యాలయాల్లో దాన్ని ఇప్పటికీ డైగ్లాట్ అంటారు. కరణం ఆ రేటును వాడుకోగలడు, మార్చలేడు. పైగా ఏటా జమాబందిలో తాలూకా అధికారులు గ్రామ లెక్కలను సరిచూసేవారు. అంటే నియమం ఒక పొరగా బయట ఉండేది, తనిఖీ ఇంకో పొరగా పైన ఉండేది. లోపం ఎక్కడంటే, ఆ నియమం రైతుకు కనిపించే దారి మాత్రం ఒక్కటే. అది కరణం గడప.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా వంశపారంపర్య గ్రామాధికార వ్యవస్థను రద్దుచేసింది. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆర్డినెన్సుతో పదవి ఒక్క రోజులో పోతుంది. కాని ఏ పుస్తకంలో ఏ గడికి అర్థమేమిటో, సర్వే నంబరు పక్కన పెట్టిన చిన్న గుర్తు దేనికో తెలిసిన మనిషి వెళ్ళిపోతే, కొత్తగా వచ్చిన ఉద్యోగికి చేతిలో కాగితాలుంటాయి గాని అర్థం ఉండదు. పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము రాసినవారు ఉద్యోగం మానేశాక ఆ ఫైళ్ళు తెరిచి చూసిన వారెవరినైనా అడగండి. "ఎఫ్ఎల్‌జీ2" అనే గడిలో "వై" అని ఉంటే ఏమిటని వారు తల పట్టుకొన్న కథ చెబుతారు.

4.3 ఒక పౌను ధాన్యం

నియమాన్ని ఒకే చోట రాస్తే అన్ని చోట్లా ఒకేసారి మారుతుందని పైన చెప్పుకొన్నాం. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక సుగుణంగానే చెబుతాయి. దానికి మరో ముఖం ఉంది.

1876-78 మహాకరువులో మద్రాసు ప్రెసిడెన్సీ తీవ్రంగా దెబ్బతిన్నది. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. బళ్ళారి ఆ కరువులో బాగా నష్టపోయిన జిల్లాల్లో ఒకటి. చెరువులు తవ్వడం, రోడ్లు వేయడం, రాళ్ళు కొట్టడం వంటి కరువు పనుల మీద వేలాదిమంది ఆధారపడ్డారు. 1877 మొదట్లో భారత ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కూలీల రోజువారీ ధాన్యం కొలతను ఒకటిన్నర పౌన్ల నుంచి ఒక పౌనుకు తగ్గించాడు. ఒక పౌను అంటే దాదాపు 450 గ్రాములు. దాంతో కష్టపడి పనిచేసే మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. వాదోపవాదాల తరువాత అదే సంవత్సరం మే నెలలో మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచింది. ఈ మధ్యలో గడిచిన నెలల్లో ఆ కూలి మీద బతికినవారికి ఏమైందో ఊహించడం కష్టం కాదు.

దీన్ని సాఫ్ట్‌వేరు పాఠంలో ఎందుకు చెబుతున్నామంటే, నియమాల పొర అంటే అధికారం ఉన్న చోటు. ఒక గడిలో ఒక సంఖ్య మార్చితే రాత్రికి రాత్రి అన్ని మండలాల్లోనూ కూలి మారుతుంది. కాబట్టి ఆ పొరలో సంఖ్య ఒక్కటే ఉంటే చాలదు. ఎప్పటి నుంచి అమలు, ఎప్పటి వరకు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఎవరు మార్చారు అనేవి కూడా ఉండాలి. పాత విలువను చెరిపి దాని మీద కొత్తది రాయకూడదు. పాతదాని పక్కన కొత్తది చేర్చాలి. టెంపుల్ కాలంలో కార్నిష్ అభ్యంతరం చెప్పగలిగాడంటే పాత కొలత, కొత్త కొలత రెండూ కాగితం మీద ఉండటం వల్లనే. చెరిపేసిన సంఖ్య మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.

4.4 ఒకే ఫైలులో అంతా: డీబేస్ నుంచి ఫాక్స్‌ప్రో దాకా

పొరల ఆలోచన పెద్ద కంప్యూటర్ల కాలానిదే. 1968లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, ఐండ్‌హోవెన్‌లో తన బృందం తయారుచేసిన ఒక ఆపరేటింగ్ వ్యవస్థను పొరలు పొరలుగా కట్టిన తీరును వివరించాడు. పై పొర తన కింది పొరను మాత్రమే నమ్ముకొని పనిచేస్తుంది. 1970లో ఇ.ఎఫ్. కాడ్ సంబంధ నమూనాను ప్రతిపాదిస్తూ, దత్తాంశం డిస్కు మీద ఎలా ఉందన్న సంగతి వాడుకరికి అక్కర్లేకుండా చేయాలన్నాడు. 1975లో అమెరికా ప్రమాణాల సంస్థకు చెందిన ఒక అధ్యయన బృందం డేటాబేస్‌కు బాహ్య, భావనాత్మక, అంతర స్థాయిలనే మూడింటిని సూచించింది. పరీక్షల్లో తరచు జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పేస్తాం: ఈ మూడు స్థాయిలు, మనం చదువుతున్న మూడు పొరలు ఒకటి కావు. ఆ మూడూ డేటాబేస్ లోపలివి. మనవి మొత్తం అనువర్తనానికి సంబంధించినవి.

అయితే బల్ల మీద కంప్యూటర్ వచ్చినప్పుడు ఈ పాఠాలన్నీ పక్కకుపోయాయి. వేన్ రాట్‌లిఫ్ అనే ఇంజనీరు ఫుట్‌బాల్ పందేల లెక్క కోసం మొదలుపెట్టి వల్కన్ అని పేరు పెట్టుకొన్న ప్రోగ్రామే తరువాత ఆష్టన్-టేట్ సంస్థ అమ్మిన డీబేస్-2 అయింది. 1984లో డీబేస్-3 వచ్చింది. దాని బాటలోనే వచ్చిన ఫాక్స్‌ప్రోను తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ను 1992లో మైక్రోసాఫ్ట్ కొన్నది; యాక్సెస్ మొదటి రూపం కూడా ఆ సంవత్సరమే విడుదలైంది. విజువల్ బేసిక్ అంతకు ఏడాది ముందుది. మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, సహకార సంఘాల్లో, విత్తనాల కొట్లలో ఒక తరం ఉద్యోగులు కంప్యూటర్ అంటే డీబేస్, ఫాక్స్‌ప్రో అనే అనుకొన్నారు.

ఈ భాషల్లో తెర మీద ఫలానా వరుసలో ఫలానా చోట మాట చూపించు, అక్కడే విలువ తీసుకో అనే ఆజ్ఞ, పట్టికలో వరుస చేర్చే ఆజ్ఞ ఒకదాని కింద ఒకటి రాసుకోవచ్చు. మధ్యలో "100 దాటితే ఆపు" అని ఇంకో వాక్యం. 640 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, ఒకే యంత్రం, ఒకే గుమాస్తా ఉన్నప్పుడు అంతకంటే ఏం కావాలి? ఒక మనిషి ఒక వారంలో ఒక కార్యాలయాన్ని చేతిరాత నుంచి బయటపడేసేవాడు. దాన్ని తక్కువచేసి చూడటం ఈ పుస్తకం ఉద్దేశం కాదు. ఒక్క మనిషి వాడే లెక్కకు పెట్టె చాలు.

చిక్కు రెండో కంప్యూటర్‌తో మొదలవుతుంది. పట్టిక ఫైలును ఒక యంత్రంలో ఉంచి, మిగతా యంత్రాలు దాన్ని నేరుగా తెరవడం ఆనాటి పద్ధతి. ఒక కుటుంబం వివరం కావాలంటే ఇండెక్సు భాగాలు, ఫైలు భాగాలు తీగ మీదుగా గుమాస్తా యంత్రానికి రావాలి. వెతకడం, లెక్కపెట్టడం ఆ యంత్రమే చేయాలి. రాస్తుండగా కరెంటు పోతే ఇండెక్సు ఫైలు పాడయ్యేది. మళ్ళీ ఇండెక్సు కట్టేదాకా కౌంటరు ముందు జనం నిలబడే ఉండేవారు. దీనికి విరుగుడుగా వచ్చింది క్లయింట్-సర్వర్ పద్ధతి. ఫైలును తాకే అధికారం ఒక్క సర్వరుకే. మిగతావి దాన్ని ప్రశ్న అడిగి జవాబు తీసుకొంటాయి. పెట్టె మొదటిసారి రెండుగా విడిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో మామూలు జనం ఈ మార్పును చూసింది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో. భూమి రికార్డుల కంప్యూటరీకరణకు 1988-89లో దేశంలో ఎనిమిది జిల్లాలను ప్రయోగాత్మకంగా ఎంచుకొన్నప్పుడు మన రాష్ట్రం నుంచి రంగారెడ్డి జిల్లా ఉంది. పదేళ్ళ తరువాత, 1998 నవంబరులో, రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకాన్ని ప్రారంభించింది. అంతకుముందు దస్తావేజును పుస్తకంలోకి చేత్తో నకలు రాసేవారు. ఈసీ కోసం ఏళ్ళ తరబడి సూచికలు తిరగేసేవారు. ఇందులో మన దృష్టికి వచ్చేది ఒకటే. భూమి మార్కెట్ విలువ ఎప్పటికప్పుడు సవరించే సంఖ్య. దాన్ని బట్టే స్టాంపు సుంకం. అలాంటిది దస్తావేజు రాసుకొనే ఫారంలో ఇరుక్కుపోతే ప్రతి సవరణకూ ప్రతి కార్యాలయంలోనూ ప్రోగ్రామును తిరగరాయాలి.

4.5 మస్టరు మీద మూడు పొరలు

మళ్ళీ ఉపాధి హామీకి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ప్రత్యేకంగా సాఫ్ట్‌వేరు తయారుచేసింది. మండల పరిషత్ కార్యాలయంలోని కంప్యూటర్ కేంద్రంలో మస్టర్లు, కొలతలు నమోదయ్యేవి. చెల్లింపు ఉత్తర్వులు అక్కడి నుంచే వెలువడేవి. ఆ సాఫ్ట్‌వేరు లోపలి కోడు మన పాఠ్యవిషయం కాదు. అవే నియమాలతో మీరొక డెస్క్‌టాప్ అనువర్తనం రాయాల్సివస్తే దేన్ని ఎక్కడ పెడతారన్నదే ఇక్కడ ప్రశ్న.

తెర పొర, దీన్నే ప్రెజెంటేషన్ లేయర్ అంటారు, చూపించడం, తీసుకోవడం మాత్రమే చేస్తుంది. జాబ్ కార్డు నంబరు గడిలో అక్షరాలు కొడితే ఒప్పుకోకపోవడం దాని పనే. ఆ కార్డుకు ఇంకా రోజులున్నాయా అన్నది దాని పని కాదు.

నియమాల పొరలోకి వచ్చేసరికి అసలు సరుకు ఉంటుంది. కూలి అంటే హాజరైన రోజులను రోజు కూలితో గుణించడం అనుకొంటే పొరపాటు. ఇక్కడ చేసిన పనిని కొలిచి డబ్బు కట్టేవారు. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారు, అది మెత్తటి మట్టా, గట్టి మొరమా, ఎంత లోతు, ఎంత దూరం మోశారు అనేవన్నీ కలిస్తే రేటు. నల్లరేగడిలో ఒక మనిషి రోజుకు తీసే మట్టి, ఎండకు బిగుసుకుపోయిన అనంతపురం ఎర్రనేలలో తీయలేడు. అందుకే రాష్ట్రం పని-కాలం అధ్యయనాలు చేయించి గ్రామీణ పనులకు ప్రత్యేకంగా రేట్ల పట్టిక తయారుచేయించింది. దాని మీద వేసవి భత్యం: ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలను బట్టి 20 నుంచి 30 శాతం దాకా అదనం. దాని మీద రోజు కూలి రేటు మార్పులు. 2011 జనవరిలో కేంద్రం ఈ రేట్లను వ్యవసాయ కూలీల ధరల సూచికతో ముడిపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ రేటు రూ.121 అయింది. ఫిబ్రవరి 27న మొదలై మార్చి 4న ముగిసిన వారానికి భత్యం ఎంత? ఈ ప్రశ్న తెర ముందు కూర్చొన్న ఆపరేటరు తేల్చవలసింది కాదు. అడిగిన ప్రతిసారీ ఒకే జవాబు వచ్చేలా, తేదీలు ఇస్తే శాతం చెప్పే ఒకే ఒక ప్రొసీజరు నియమాల పొరలో ఉండాలి.

కింద దత్తాంశ పొర. కుటుంబాల పట్టిక, సభ్యుల పట్టిక, పనులు, మస్టరు వరుసలు, రేట్లు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఒక కుటుంబానికి 99 రోజులు పూర్తయ్యాయనుకోండి. భార్య ఒక పనిలో, భర్త ఇంకో పనిలో ఉన్నారు. రెండు మస్టర్లు ఇద్దరు ఆపరేటర్ల ముందు ఒకేసారి ఉన్నాయి. ఇద్దరి యంత్రాలూ "99 అయింది, ఇంకొకటి ఉంది" అని చదువుతాయి. ఇద్దరూ భద్రపరుస్తారు. లెక్క 101. నియమాల పొరలో మీరు రాసింది తప్పు కాదు. సరిచూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న సందులో తప్పు జరిగింది. కాబట్టి ఆ రెండింటినీ ఒకే లావాదేవీగా కట్టి, కుటుంబం వరుసకు తాళం వేసి, పని అయ్యాక విప్పాలి. నియమం ఏమిటో చెప్పేది మధ్య పొర, దాన్ని ఎవరూ దాటకుండా చూసేది కింది పొర. ఒకే యంత్రం మీద రాసిన ప్రోగ్రాములో ఈ సందు ఎప్పటికీ బయటపడదు. అందుకే ఇంట్లో పరీక్షించినప్పుడు పాసైన ప్రాజెక్టు కార్యాలయంలో తప్పుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: పని ముగిసిన 15 రోజుల్లోగా కూలి చెల్లించాలన్నది చట్టంలోని నియమం. గడువు దాటిన మస్టర్లను ఎర్ర రంగులో చూపాలి. రంగు ఏ పొర పని? "గడువు దాటింది" అన్న తీర్పు ఏ పొర పని? 15 అనే సంఖ్య ఎక్కడ ఉండాలి? మూడు వాక్యాల్లో రాయండి.

పొరలు విడగొట్టినందువల్ల వచ్చిన గొప్ప లాభం నా దృష్టిలో వేగం కాదు, మరమ్మతు సౌలభ్యం కూడా కాదు. ఒకే దత్తాంశానికి ఎన్ని తెరలైనా తగిలించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కంప్యూటర్ నుంచి తీసిన మస్టరు వివరాలను పట్టుకొని తనిఖీ బృందం ఇంటింటికీ తిరుగుతుంది. ఫలానా వారంలో మీరు ఆరు రోజులు పనిచేశారని ఉంది, నిజమేనా? డబ్బు ముట్టిందా? తరువాత గ్రామసభలో, ఆపైన మండల ప్రజావేదికలో ఆ వివరాలను గట్టిగా చదువుతారు. చదువురాని అవ్వకు ఆ చదివిన గొంతే తెర. ఆపరేటరు చూసిన పట్టిక, అవ్వ విన్న మాట ఒకే కింది పొర నుంచి వచ్చాయి. చనిపోయినవారి పేరు మీద, ఊరు విడిచి బెంగళూరు వలసపోయినవారి పేరు మీద హాజరు పడితే దాన్ని ఏ నియమాల పొరా పట్టుకోలేదు. సభలో కూర్చొన్న పక్కింటివారు పట్టుకొంటారు. కరణం కాలంలో ఇది సాధ్యం కాదు, ఎందుకంటే పెట్టెకు రెండో మూత లేదు.

నష్టం కూడా చెప్పాలి. నియమం ఊళ్ళో నుంచి రాజధానికి వెళ్ళిపోయినప్పుడు, ఊళ్ళో మనిషి నోట ఒక కొత్త మాట పుట్టింది: "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు." కార్యాలయాల చుట్టూ తిరిగిన ఎవరికైనా ఈ మాట తెలుసు. కరణం కాదంటే కనీసం ఎవరు కాదన్నారో తెలిసేది. ఇక్కడ ఆపరేటరు తెరను చూపిస్తాడు. తెర వెనక ఉన్నది అతనికీ తెలియదు. ఇది పొరల తప్పు కాదు, పొరల మధ్య మాట సరిగా లేకపోవడం. మధ్య పొర నుంచి పైకి "కుదరదు" అని ఒక్క ముక్క మాత్రమే వస్తే తెర ఇంకేం చూపగలదు? ఏ నియమం అడ్డుపడింది, దానికి ఆధారమైన ఉత్తర్వు ఏది, ఏ లెక్క వల్ల పరిమితి దాటింది, ఎవరిని అడగాలి అనేవి కూడా జవాబుతో పాటు పైకి రావాలి. వాటిని తెర తెలుగులో చెప్పాలి. మీ ప్రాజెక్టులు దిద్దేటప్పుడు మేం మొదట తెరిచి చూసేది మీ దోష సందేశాలనే.

4.6 కదిరి ఏ జిల్లా?

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడి ఏర్పడింది. కదిరి తాలూకా అప్పుడు అందులో లేదు. 1910లో కడప జిల్లా నుంచి వచ్చి చేరింది. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం పోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. జిల్లాలో 63 మండలాలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయింది. కదిరి పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది; బండ్లపల్లి ఉన్న నార్పల అనంతపురములో మిగిలింది. జిల్లా పేరు చివర "ము" చేరడాన్ని మనం చదివి ఊరుకొంటాం. కంప్యూటర్‌కు "అనంతపురం", "అనంతపురము" రెండు వేర్వేరు పదాలు.

జిల్లా పేరును ఫారంలో అచ్చు అక్షరాలుగా రాసినవారు 2022లో ప్రతి ఫారం తెరిచి దిద్దాలి. పట్టికలో జిల్లా గడి పెట్టి, మండలం పక్కన "శ్రీ సత్యసాయి" అని మార్చినవారికి పని ఒక నిమిషంలో అయిపోతుంది. కాని వారికి ఇంకో చిక్కు వస్తుంది. 2010లో కదిరిలో జరిగిన పనికి నకలు అడిగితే, అప్పటికి పుట్టని జిల్లా పేరుతో అది అచ్చవుతుంది. అందుకని మండలానికి ఎప్పటికీ మారని ఒక సంకేతం ఇచ్చి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అది ఏ జిల్లాలో ఉందో చెప్పే ప్రత్యేక పట్టికను దత్తాంశ పొరలో ఉంచాలి. పని తేదీని బట్టి జిల్లా పేరు తేల్చడం నియమాల పొరది. తెరకు దొరికేది ఒక పేరు మాత్రమే, అది ఎలా వచ్చిందో దానికి అక్కర్లేదు.

సాధన

కదిరి మండలంలోని ఒక కుటుంబానికి 2009 నుంచి జాబ్ కార్డు ఉంది. 2018లో ఆ కుటుంబం రెండుగా వేరుపడి కొడుక్కి కొత్త కార్డు వచ్చింది. అనువర్తనం మూడు పనులు చేయాలి: 2009 నుంచి 2023 వరకు ఏటేటా పనిదినాల నకలు ఇవ్వడం, అందులో ప్రతి సంవత్సరానికి ఆనాటి జిల్లా పేరు సరిగా రావడం, కరువు మండలంగా ప్రకటించిన సంవత్సరాల్లో 150 రోజుల పరిమితి వర్తింపజేయడం. కావలసిన పట్టికలను గీయండి. మూడు పొరల్లో ఏ ప్రొసీజరు ఎక్కడ ఉంటుందో పేర్లతో రాయండి. చివరగా, 151వ రోజు మస్టరు నమోదు చేయబోయినప్పుడు తెర మీద కనిపించవలసిన సందేశాన్ని ఆ కూలీకి చదివి వినిపించినా అర్థమయ్యేలా తెలుగులో రాసి, మీ అధ్యయన కేంద్రంలో అసైన్‌మెంట్‌తో పాటు సమర్పించండి.